రెండు రైళ్ల మధ్య అతుకు: బిలాస్‌పూర్ నుంచి వరుస ప్రయాణాలు చేసేవాళ్లు తెలుసుకోవాల్సిన నియమాలు

క్రూయిజ్ ఓడల్లో తరచూ తిరిగేవాళ్లు ‘బ్యాక్ టు బ్యాక్’ అనే మాట ఎక్కువగా వాడుతుంటారు. ఒక యాత్ర ముగిసిన రోజే, అదే ఓడలో రెండో యాత్ర మొదలుపెట్టడాన్ని అలా అంటారు. ఓడ తెల్లవారి రేవుకు చేరుతుంది. పాత ప్రయాణికులు దిగిపోతారు, గదులు శుభ్రం చేస్తారు, సాయంత్రానికి కొత్తవాళ్లు ఎక్కుతారు. రెండు యాత్రలకూ టికెట్ ఉన్నవాళ్లు మాత్రం ఓడలోనే కొనసాగుతారు.

అయితే ఆ ఒక్క రోజులో చాలా తతంగం ఉంటుంది. చాలా రేవుల్లో వీళ్లు కూడా కిందికి దిగి, ఇమిగ్రేషన్ తనిఖీ పూర్తి చేసుకుని, మళ్లీ ఎక్కాలి. మొదటి యాత్ర బిల్లు అక్కడికక్కడే తేల్చుకోవాలి. గది మారితే సామాను మార్చుకోవాలి. ఇక అమెరికాలో 1886 నాటి ప్రయాణికుల నౌకల చట్టం ఒకటి ఉంది. విదేశీ జెండా ఉన్న ఓడ, మధ్యలో దూరపు విదేశీ రేవును తాకకుండా ప్రయాణికులను ఒక అమెరికా రేవులో ఎక్కించుకుని మరో అమెరికా రేవులో దించకూడదు. లాస్ ఏంజెలిస్ నుంచి కెనడాలోని వాంకూవర్‌కు ఒక యాత్ర, అక్కడి నుంచి అలాస్కాకు మరో యాత్ర... విడివిడిగా రెండూ చట్టబద్ధమే. అదే ఓడలో రెంటినీ కలిపితే మాత్రం అది లాస్ ఏంజెలిస్ నుంచి అలాస్కాకు చేసిన ఒకే ప్రయాణం కింద లెక్కకొచ్చి, నిబంధనను ఉల్లంఘించినట్టవుతుంది.

అంటే, విడివిడిగా సరిగ్గా ఉన్న రెండు టికెట్లు పక్కపక్కన పెట్టగానే కొత్త ప్రశ్న తలెత్తుతుంది. వాటి మధ్య ఉన్న అతుకుకు బాధ్యత ఎవరిది?

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో కూడా ఇదే ప్రశ్న. అక్కడ ఓడలు లేవు, రైళ్లున్నాయి. శ్రీకాకుళంలో పెళ్లికి, విజయనగరంలో పెద్దకర్మకు, తిరుపతిలో మొక్కుకు బయలుదేరే తెలుగు కుటుంబాలకు రెండు మూడు రైళ్లు మారడం కొత్త కాదు. ఆ అతుకుల దగ్గర రైల్వే నియమాలు ఏం చెబుతున్నాయో తెలిసినవాళ్లు మాత్రం తక్కువ.

బిలాస్‌పూర్‌లో తెలుగువాళ్లు ఎందుకున్నారు?

దీనికి జవాబు రైలు పటంలోనే ఉంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, నాగ్‌పూర్ నుంచి తూర్పుగా ఛత్తీస్‌గఢ్ మీదుగా లైను వేసింది. ఆ దారిలో బిలాస్‌పూర్ జంక్షన్ పుట్టింది. కట్నీ వైపు వెళ్లే లైను ఇక్కడే విడిపోతుంది. 1902లో తూర్పు తీరం లైనులో కటక్‌కూ వాల్తేరుకూ మధ్య ఉన్న ఉత్తర భాగం కూడా ఇదే కంపెనీ చేతికి వచ్చింది. 1931 నాటికి రాయపూర్–విజయనగరం లైను పూర్తయింది.

దీంతో ఉత్తరాంధ్ర జిల్లాలు, ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ ఒకే యాజమాన్యం కిందికి వచ్చాయి. పనికోసం, బదిలీల మీద తెలుగువాళ్లు ఆ లైన్ల వెంట వెళ్లి స్థిరపడ్డారు. 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వేలో కూడా వాల్తేరు, ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ కలిసే ఉన్నాయి. 2003లో జోన్ల విభజన జరిగినప్పుడు వాల్తేరు భువనేశ్వర్ కేంద్రంగా ఉన్న తూర్పు కోస్తా రైల్వేలోకి వెళ్లింది. బిలాస్‌పూర్ కొత్తగా ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైంది. ఖరగ్‌పూర్ పాత జోన్‌లోనే ఉండిపోయింది.

పరిపాలన మూడు ముక్కలైంది, బంధుత్వాలు కాలేదు. బుధ్‌వారీ బజార్ పరిసరాల్లోని రైల్వే కాలనీల్లో పెరిగిన కుటుంబాలకు ఒక అక్క ఖరగ్‌పూర్‌లో, మేనమామ విజయనగరంలో, కొడుకు హైదరాబాద్‌లో ఉండటం మామూలే. సెలవు దొరికినప్పుడు ఒక్క ఊరికే వెళ్లి వస్తే కుదరదు. నాలుగిళ్లూ చుట్టి రావాలి. వీళ్ల బ్యాక్ టు బ్యాక్ ప్రయాణం ఇదే.

ఇక్కడ అతుకులు ఎందుకు తెగుతాయి?

బిలాస్‌పూర్ నుంచి ఉత్తరాంధ్రకు నేరుగా వెళ్లే రైళ్లు ఉన్నాయి. కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ రాయపూర్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా వెళుతుంది. బిలాస్‌పూర్–తిరుపతి ఎక్స్‌ప్రెస్ వారంలో కొన్ని రోజులే నడుస్తుంది. 2024 సెప్టెంబర్‌లో దుర్గ్–విశాఖపట్నం వందేభారత్ మొదలైంది. అది బిలాస్‌పూర్‌కు రాదు. దుర్గ్ నుంచి తెల్లవారుజామునే బయలుదేరి రాయపూర్ మీదుగా వెళ్లిపోతుంది. దాన్ని అందుకోవాలంటే ముందురోజు రాత్రికే రాయపూర్ చేరడం మంచిది.

నేరుగా వెళ్లే రైల్లో బెర్తు దొరకకపోతే రాయపూర్‌లోనో, విజయనగరంలోనో, నాగ్‌పూర్‌లోనో బండి మారాలి. చిక్కు అక్కడే మొదలవుతుంది. బిలాస్‌పూర్ చుట్టుపక్కల లైన్ల మీద కోర్బా బొగ్గు గనుల నుంచి వచ్చే గూడ్సు రైళ్ల రద్దీ ఎక్కువ. 2022 ఏప్రిల్, మే నెలల్లో విద్యుత్ కేంద్రాలకు బొగ్గు చేరవేయడానికి దేశవ్యాప్తంగా వందల సంఖ్యలో ప్రయాణికుల రైలు ట్రిప్పులు రద్దు చేసినప్పుడు, ఆ దెబ్బ ఎక్కువగా తగిలిన జోన్లలో ఇదొకటి. అదనపు లైన్లు వేసే పనులు, వాటిని పాత లైన్లకు కలిపే పనులు జరిగినప్పుడు కూడా రైళ్లు రద్దవుతుంటాయి, దారి మళ్లుతుంటాయి.

అందువల్ల ఇక్కడి నుంచి ప్రయాణం వేసుకునేటప్పుడు ‘రైలు ఆలస్యమైతే?’ అని కాక ‘రైలు ఆలస్యమవుతుంది, అప్పుడు నా రెండో టికెట్ ఏమవుతుంది?’ అని ఆలోచించుకోవాలి.

రెండో టికెట్‌ను కాపాడే ‘లింక్’

చాలామంది రెండు టికెట్లు విడివిడిగా కొంటారు. మొదటి రైలు నాలుగు గంటలు ఆలస్యంగా చేరుతుంది. ఈలోపు రెండో రైలు వెళ్లిపోతుంది. రైలు వెళ్లిపోయాక కన్‌ఫర్మ్ టికెట్‌కు మామూలుగా డబ్బు తిరిగి రాదు. రైల్వే దృష్టిలో మీరు రెండో రైలుకు రాని ప్రయాణికులు. ఎందుకు రాలేకపోయారన్నది దానికి సంబంధం లేని విషయం.

2019 ఏప్రిల్ 1 నుంచి దీనికి ఒక దారి ఉంది. రెండు టికెట్ల పీఎన్‌ఆర్‌లను ఒకదానికొకటి జతచేసుకోవచ్చు. అలా జతచేస్తే, మొదటి రైలు ఆలస్యం వల్ల రెండోది తప్పిపోయినప్పుడు, ప్రయాణించని భాగానికి రద్దు చార్జీలు లేకుండా డబ్బు వెనక్కి వస్తుంది. అందుకు కొన్ని షరతులున్నాయి.

రెండు టికెట్లలోనూ ప్రయాణికుల వివరాలు ఒకేలా ఉండాలి. ఒక టికెట్‌లో పూర్తి పేరు, రెండో దానిలో పొడి అక్షరాలు రాయించుకుంటే తర్వాత తలనొప్పే.

మొదటి రైలు దిగే స్టేషన్, రెండో రైలు ఎక్కే స్టేషన్ ఒకటే కావాలి.

రెండు పీఎన్‌ఆర్‌లను మాత్రమే జతచేయవచ్చు. మూడు రైళ్ల ప్రయాణమైతే, ఏ అతుకు తెగే ప్రమాదం ఎక్కువో చూసుకుని దానికి ఈ రక్షణ వాడుకోవాలి.

గడువు 3 గంటలే. కౌంటర్ టికెట్ అయితే మొదటి రైలు నిజంగా చేరిన సమయం నుంచి 3 గంటల్లోపు, బండి తప్పిన ఆ స్టేషన్‌లోనే టికెట్ అప్పగించాలి. ఈ–టికెట్ అయితే అదే గడువులో ఆన్‌లైన్‌లో టీడీఆర్ దాఖలు చేయాలి. ఇంటికెళ్లాక తీరిగ్గా చూసుకుందాం అనుకుంటే ఆ హక్కు పోతుంది.

జతచేయడం దానంతటదే జరగదు. ఐఆర్‌సీటీసీలో టికెట్ తీసుకునేటప్పుడే కనెక్టింగ్ ప్రయాణం అనే ఎంపికను వాడుకోవాలి. కౌంటర్ దగ్గరైతే మొదటి టికెట్ పీఎన్‌ఆర్ నంబర్ చెప్పి, రెండోదాన్ని దానికి జతచేయమని అడగాలి.

ఈ నియమం డబ్బును కాపాడుతుంది గానీ బెర్తును కాదు. తర్వాతి రైల్లో చోటు ఇప్పించే బాధ్యత రైల్వే తీసుకోదు. పాస్ మీద ప్రయాణించే రైల్వే ఉద్యోగులకు, రిటైరైనవాళ్లకు తిరిగి రావాల్సిన చార్జీ కూడా ఉండదు. వాళ్లకు పోయేది బెర్తే. కాబట్టి లింక్ చేశాం కదా అని అరగంట వ్యవధిలో రెండో రైలు పెట్టుకోవడం తెలివైన పని కాదు. పెళ్లి ముహూర్తానికి, కర్మకాండకు వెళ్లేవాళ్లకు రీఫండ్ ఊరట కాదు. అలాంటి ప్రయాణాల్లో రెండు రైళ్ల మధ్య కనీసం ఒక పూట ఖాళీ ఉంచుకోవాలి.

మరో రెండు హక్కులు కూడా గుర్తుంచుకోవాలి. రైలును రైల్వేయే రద్దు చేస్తే ఈ–టికెట్ డబ్బు పూర్తిగా, అడగకుండానే ఖాతాలోకి వస్తుంది. రైలు 3 గంటలకు మించి ఆలస్యమై, మీరు ప్రయాణం మానుకుంటే కూడా పూర్తి డబ్బు వస్తుంది. కానీ ఆ రైలు మీ స్టేషన్ నుంచి నిజంగా కదిలేలోపే టీడీఆర్ వేయాలి.

ఊరు ఒకటే, స్టేషన్ వేరు

‘దిగే స్టేషన్, ఎక్కే స్టేషన్ ఒకటే కావాలి’ అన్న షరతు చదవడానికి తేలిక. పటం మీద అంత తేలిక కాదు.

విశాఖపట్నం స్టేషన్‌కు వచ్చిన రైలు ముందుకు సాగాలంటే సాధారణంగా ఇంజన్ దిశ మార్చుకోవాలి. ఆ సమయం ఆదా చేయడానికి కొన్ని దూరప్రాంత రైళ్లు విశాఖ లోపలికి రాకుండా దువ్వాడలోనే ఆగి వెళ్లిపోతాయి. బిలాస్‌పూర్ నుంచి విశాఖలో దిగి, దువ్వాడ నుంచి విజయవాడ రైలు ఎక్కాలంటే మధ్యలో రోడ్డు ప్రయాణం తప్పదు. పట్టణ ట్రాఫిక్‌లో దానికి గంట పట్టినా ఆశ్చర్యం లేదు.

హైదరాబాద్‌లో సికింద్రాబాద్, కాచిగూడ, నాంపల్లి, చర్లపల్లి ఉన్నాయి. కోల్‌కతా వైపు హౌరా, షాలిమార్, సాంత్రాగాఛీ ఉన్నాయి. బిలాస్‌పూర్‌లోనే చూస్తే, కట్నీ వైపు వెళ్లే కొన్ని రైళ్లు జంక్షన్‌కు రాకుండా ఉస్లాపూర్‌లో ఆగుతాయి. టికెట్ తీసుకునే ముందు ఊరి పేరు కాదు, స్టేషన్ పేరు చదవాలి.

తేదీ కూడా అలాంటిదే. ‘ఆదివారం రాత్రి 12:20 రైలు’ అని మనం ఇంట్లో మాట్లాడుకుంటాం. రైల్వే లెక్కలో అది సోమవారం 00:20. ఆదివారం తేదీతో టికెట్ తీసుకుంటే, మీరు ఎక్కాల్సిన బండి ఒకరోజు ముందే వెళ్లిపోయి ఉంటుంది. అర్ధరాత్రి దాటాక మారే రైలు ఉంటే తేదీని ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

దారిలో ఆగి వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. దీన్నే బ్రేక్ జర్నీ అంటారు. 500 కిలోమీటర్లకు మించిన కౌంటర్ టికెట్ మీద దారిలో ఒకసారి, 1,000 కిలోమీటర్లు దాటితే రెండుసార్లు ఆగొచ్చు. ఒక్కోచోట రెండు రోజులు ఉండొచ్చు. దిగిన రోజు, మళ్లీ ఎక్కే రోజు ఈ లెక్కలోకి రావు. అయితే మొదటి విరామం బయలుదేరిన చోటు నుంచి 500 కిలోమీటర్లు దాటాకే తీసుకోవాలి. దిగిన స్టేషన్‌లో టికెట్ మీద రాయించుకోవాలి. రాజధాని, శతాబ్ది లాంటి రైళ్లకు ఈ వెసులుబాటు లేదు.

బిలాస్‌పూర్ నుంచి చూస్తే ఇది ఎలా పనిచేస్తుంది? విజయనగరం సుమారు 575 కిలోమీటర్లు, విశాఖపట్నం సుమారు 640 కిలోమీటర్లు. అంటే ఈ దారిలో విజయవాడ వరకు టికెట్ తీసుకున్నవాళ్లు విజయనగరంలోనో విశాఖలోనో ఆగి, బంధువులను చూసుకుని వెళ్లొచ్చు. రాయపూర్ సుమారు 110 కిలోమీటర్లే కాబట్టి అక్కడ ఆగడానికి కుదరదు. మరో దారిలో ఉన్న నాగ్‌పూర్ కూడా 412 కిలోమీటర్లే. అది కూడా కుదరదు.

లాభం ఎక్కడుందంటే, రైలు చార్జీ దూరంతో సమానంగా పెరగదు. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే ధర తగ్గుతుంది. ఒకే పొడవైన టికెట్ చార్జీ, రెండు చిన్న టికెట్ల చార్జీల మొత్తం కన్నా తక్కువ. అయితే ముందుకు వెళ్లే రైల్లో బెర్తు కోసం రిజర్వేషన్ విడిగా చేయించుకోవాలి.

నాలుగిళ్లూ చుట్టి రావడానికి: సర్క్యులర్ టికెట్

క్రూయిజ్ ప్రయాణానికి రైల్వేలో దగ్గరగా ఉన్నది సర్క్యులర్ జర్నీ టికెట్. బయలుదేరిన స్టేషన్‌కే తిరిగి చేరే ప్రయాణాలకు దీన్ని ఇస్తారు. అన్ని తరగతుల్లోనూ దొరుకుతుంది. దారిలో 8 చోట్ల వరకు ఆగొచ్చు.

బిలాస్‌పూర్ వాళ్లకు సహజంగా కుదిరే ఒక వలయం ఉంది. బిలాస్‌పూర్ నుంచి రౌర్కెలా, టాటానగర్ మీదుగా ఖరగ్‌పూర్. అక్కడి నుంచి భువనేశ్వర్, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం మీదుగా విశాఖపట్నం. తర్వాత రాజమహేంద్రవరం మీదుగా విజయవాడ. అక్కడి నుంచి వరంగల్, బల్లార్షా మీదుగా నాగ్‌పూర్. చివరికి దుర్గ్, రాయపూర్ మీదుగా మళ్లీ బిలాస్‌పూర్. పాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వెంట తెలుగువాళ్లు స్థిరపడిన రైల్వే ఊళ్లు, వాళ్ల సొంత జిల్లాలు చాలావరకు ఈ వలయం మీదే ఉన్నాయి.

దూరాలు సుమారుగా ఇవి: ఖరగ్‌పూర్‌కు 600, అక్కడి నుంచి విశాఖకు 765, విజయవాడకు 350, నాగ్‌పూర్‌కు 660, బిలాస్‌పూర్‌కు 412. మొత్తం దాదాపు 2,800 కిలోమీటర్లు.

చార్జీ లెక్క ఇలా ఉంటుంది. మొత్తం దూరాన్ని రెండు సమాన భాగాలు చేసి, రెండు ప్రయాణాల కింద లెక్కిస్తారు. అంటే ఇక్కడ 1,400 కిలోమీటర్ల టికెట్లు రెండు. విడివిడిగా కొంటే 600, 765, 350, 660, 412 కిలోమీటర్లకు ఐదు టికెట్లు కొనాలి. మధ్యలో మరో రెండుచోట్ల ఆగితే ఏడు. దూరంతో పాటు కిలోమీటరు ధర తగ్గుతుంది కాబట్టి, ముక్కలు ఎంత చిన్నవైతే అంత ఎక్కువ చెల్లిస్తాం. ముక్కలు పెరిగేకొద్దీ సర్క్యులర్ టికెట్ లాభం పెరుగుతుంది.

గడువుకూ ఒక సూత్రం ఉంది. ప్రయాణానికి 400 కిలోమీటర్లకు ఒక రోజు, విరామాలకు 200 కిలోమీటర్లకు ఒక రోజు. 2,800 కిలోమీటర్లకు 7 ప్రయాణ రోజులు, 14 విరామ రోజులు, మొత్తం 21 రోజులు. నాలుగిళ్లలో మూడేసి రోజులు ఉన్నా ఇంకా మిగులుతాయి.

ఇది ఎక్కడ దొరుకుతుంది? ఐఆర్‌సీటీసీలో కాదు. మీ దారిని కాగితం మీద రాసుకుని, బయలుదేరే డివిజన్‌లోని డివిజనల్ కమర్షియల్ మేనేజర్ కార్యాలయాన్ని గానీ, ప్రధాన స్టేషన్ అధికారులను గానీ కలవాలి. వాళ్లు చార్జీ లెక్కకట్టి నిర్ణీత ఫారం ఇస్తారు. దాన్ని బుకింగ్ కార్యాలయంలో చూపించి టికెట్ కొనాలి. ఆ తర్వాత రిజర్వేషన్ కౌంటర్లో ఒక్కో ముక్కకు బెర్తు చేయించుకోవాలి. బిలాస్‌పూర్ వాసులకు ఒక సౌకర్యం ఉంది. డివిజన్ కార్యాలయం ఊళ్లోనే ఉంది.

ఒక హెచ్చరిక. వలయానికి పక్కగా ఉన్న ఊళ్లు ఇందులో రావు. ఖుర్దా రోడ్డు నుంచి పూరీకి, విజయవాడ నుంచి తిరుపతికి వెళ్లి రావాలంటే వేరే టికెట్ తీసుకోవాలి. లేదా దారి రాసేటప్పుడే అటు మళ్లించడం కుదురుతుందేమో కార్యాలయంలో అడగాలి.

60 రోజుల చిక్కు

2024 నవంబర్ 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. ఒక్క రైలు ఎక్కేవాళ్లకు దీంతో పెద్ద తేడా లేదు. వరుస ప్రయాణాలు చేసేవాళ్లకు ఉంది.

మీ 21 రోజుల యాత్రలో మొదటి రైలుకు రిజర్వేషన్ తెరిచిన రోజున చివరి రైలుకు ఇంకా తెరవదు. దాదాపు 3 వారాలు ఆగాలి. మొదటి మూడు రైళ్లకు కన్‌ఫర్మ్ అయి, నాలుగోదానికి వెయిటింగ్ లిస్టు వస్తే ఇరుక్కుపోతారు. క్రూయిజ్ కంపెనీ రెండు యాత్రలనూ ఒకేసారి అమ్ముతుంది. రైల్వేలో ఆ వీలు లేదు.

దీన్ని పూర్తిగా తప్పించుకోలేం గానీ తగ్గించుకోవచ్చు. వలయాన్ని ఏ దిశలోనైనా తిరగొచ్చు కాబట్టి, బెర్తు దొరకడం కష్టమైన ముక్క మొదట్లో వచ్చేలా దిశ ఎంచుకోవాలి. వారానికి ఒకటి రెండుసార్లే నడిచే రైలును మొదట ఖాయం చేసుకుని, రోజూ నడిచేవాటిని దాని చుట్టూ అమర్చాలి. సంక్రాంతి, దసరా రద్దీ రోజులు యాత్ర చివర్లో పడకుండా చూసుకోవాలి. రిజర్వేషన్ తెరిచే తేదీలన్నీ ముందే ఒక కాగితం మీద రాసుకుంటే ఏదీ మరిచిపోరు.

60 ఏళ్లు దాటిన పురుషులు, 45 ఏళ్లు దాటిన మహిళలు టికెట్ తీసుకునేటప్పుడు వయసు సరిగ్గా రాయించాలి. వాళ్లకు కింది బెర్తుల కోటా ఉంది. ఒకే టికెట్‌లో పెద్దవాళ్లనూ, చిన్నవాళ్లనూ కలిపి ఆరుగురికి రాయించే కన్నా, పెద్దవాళ్లకు విడిగా తీసుకుంటే కింది బెర్తు దొరికే అవకాశం మెరుగు. వృద్ధులకు ఒకప్పుడు ఉన్న చార్జీ రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది.

సామాను, నిద్ర, మందులు

ఓడలో గది మారదు, అల్మరా మారదు. రైళ్లలో ప్రతి ముక్కకూ పెట్టె దించి ఎక్కించాలి. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో ఒక్కొక్కరు 40 కిలోలు, సెకండ్ ఏసీలో 50 కిలోలు ఉచితంగా తీసుకెళ్లొచ్చు. కానీ అసలు లెక్క వేరే. రాత్రి 2 గంటలకు విజయనగరం ప్లాట్‌ఫాం మీద మీరు ఒంటరిగా ఎంత మోయగలరో అంతే తీసుకెళ్లాలి. బంధువులకు ఇవ్వాల్సినవి మొదటి మజిలీలోనే ఇచ్చేసేలా సర్దుకుంటే మిగతా దారి తేలిక. అన్ని ఊళ్లకూ చివరిదాకా ఊరగాయ జాడీలు మోసుకెళ్లడం కన్నా, వచ్చేటప్పుడు ఆఖరి మజిలీలో తీసుకోవడం మేలు.

రెండు రైళ్ల మధ్య ఆరేడు గంటలుంటే సామాను క్లోక్ రూమ్‌లో పెట్టొచ్చు. టికెట్ చూపించాలి, ప్రతి పెట్టెకూ తాళం ఉండాలి. తాళం లేని సంచులను తీసుకోరు. పెద్ద స్టేషన్లలో రిటైరింగ్ రూములు, డార్మిటరీలు ఉంటాయి. కన్‌ఫర్మ్ లేదా ఆర్‌ఏసీ టికెట్ పీఎన్‌ఆర్‌తో ఐఆర్‌సీటీసీ ద్వారా ముందే బుక్ చేసుకోవచ్చు. తెల్లవారుజాము రైలు కోసం రాయపూర్‌లో రాత్రి గడపాల్సినవాళ్లు మొదట వెతకాల్సింది ఇదే.

వరుసగా రెండు రాత్రులు రైల్లో గడిపితే మూడో రాత్రి మంచం మీద పడుకునేలా ప్రణాళిక వేసుకోవాలి. పెద్దవాళ్లతో వెళితే ఇది తప్పనిసరి. బీపీ, షుగర్ మందులు యాత్ర రోజుల కన్నా కనీసం నాలుగైదు రోజులకు ఎక్కువ తీసుకెళ్లాలి. వాటిని పెట్టెలో కాకుండా చేతి సంచిలో ఉంచాలి. మందుల చీటీ ఫోటో ఫోన్‌లో ఉంటే మరో రాష్ట్రంలో కొనడం సులువు. ఒడిశా, బెంగాల్, మహారాష్ట్రల్లో మందుల దుకాణంలో మన భాష అర్థం కాకపోవచ్చు. మందు పేరు చూపిస్తే చాలు.

రైలు దిగి ఓడ ఎక్కాలంటే

బిలాస్‌పూర్ వాసులకు నిజంగా క్రూయిజ్ ఎక్కే దారి కూడా ఇప్పుడు విశాఖ మీదుగానే ఉంది. విశాఖపట్నం పోర్టులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబర్‌లో ప్రారంభమైంది. దాని ఖర్చు సుమారు 96 కోట్ల రూపాయలు. కార్డీలియా సంస్థ ఓడ 2022లో, మళ్లీ 2025లో విశాఖ, పుదుచ్చేరి, చెన్నైలను కలుపుతూ యాత్రలు నడిపింది. అవి ఏడాది పొడవునా ఉండవు. కొన్ని వారాలపాటే సాగుతాయి.

ఇక్కడ అతుకుకు రక్షణ అస్సలు లేదు. పీఎన్‌ఆర్ లింక్ రెండు రైళ్ల మధ్యే పనిచేస్తుంది. రైలు ఆలస్యమైతే ఓడ ఆగదు. ఓడ టికెట్ డబ్బు ఇవ్వాల్సిన బాధ్యత రైల్వేకూ లేదు. ఎక్కే గడువు కూడా ఓడ కదిలే సమయానికి చాలా ముందే ముగుస్తుంది. కాబట్టి ఓడ ఎక్కేవాళ్లు ఒకరోజు ముందే విశాఖ చేరాలి. ఆ రాత్రి లాడ్జి ఖర్చును యాత్ర ఖర్చులో భాగంగానే లెక్కేసుకోవాలి.

నియమాలు ఉన్నాయి, చెప్పేవాళ్లేరి?

బ్రేక్ జర్నీ, సర్క్యులర్ టికెట్, లింక్డ్ పీఎన్‌ఆర్... వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. అన్నీ రైల్వే పుస్తకాల్లో ఉన్నవే. తండ్రో తాతో రైల్వేలో పనిచేసిన ఇళ్లలో ఈ నియమాలు ఇంటి మాటల్లో భాగంగా పిల్లలకు అందేవి. కౌంటర్లో కూర్చునేది కాలనీ మనిషే కాబట్టి అడిగితే చెప్పేవాళ్లు. టికెట్ ఫోన్‌లోకి మారాక ఆ దారి మూసుకుపోయింది. యాప్‌లో కనిపించనిది లేనట్టే అనుకునే తరం వచ్చింది.

క్రూయిజ్ కంపెనీలు వరుస యాత్రలు చేసేవాళ్లను నిలబెట్టుకోవాల్సిన ఖాతాదార్లుగా చూస్తాయి. వాళ్ల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేస్తాయి. రైల్వే దగ్గర అంతకన్నా చవకైన, విస్తృతమైన సౌకర్యం ఉండి కూడా, దానికోసం ప్రయాణికుడు డివిజన్ కార్యాలయం మెట్లు ఎక్కాల్సి వస్తోంది. ఇంటి నుంచే బెర్తు ఎంచుకోగలిగే రోజుల్లో, ఎనిమిది మజిలీల చార్జీ లెక్కకట్టడం కంప్యూటర్‌కు కష్టమైన పని కాదు. సర్క్యులర్ టికెట్‌ను ఆన్‌లైన్‌లోకి తేవడం, వలయం మొత్తానికి ఒకేసారి రిజర్వేషన్ అనుమతించడం, మూడో పీఎన్‌ఆర్‌ను కూడా జతచేయనివ్వడం... ఈ మూడూ జరిగితే బిలాస్‌పూర్, ఖరగ్‌పూర్ లాంటి ఊళ్లలోని వలస కుటుంబాలకు ఊరికి వెళ్లి రావడం సగం తేలికవుతుంది.

అప్పటిదాకా చేయగలిగింది ఒకటుంది. ఈసారి రెండు రైళ్ల టికెట్ తీసుకునేటప్పుడు, డబ్బు కట్టే ముందు మూడు విషయాలు చూసుకోండి: దిగే, ఎక్కే స్టేషన్లు ఒకటేనా, అర్ధరాత్రి తేదీ సరిపోయిందా, రెండు పీఎన్‌ఆర్‌లు జతపడ్డాయా. రెండు నిమిషాల పని. బండి తప్పిన రాత్రి దాని విలువ తెలుస్తుంది.